తాగుడంగడి బోర్డు

మనుషుల డాక్టరు ఇంటికొస్తే ముందుగదిలో కుర్చీ వేస్తారు. పశువుల డాక్టరును నేరుగా పెరట్లోకి తీసుకుపోతారు. బోగోలు మండలంలోని సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఇన్నేళ్లుగా నేను చూసినవన్నీ పెరళ్లే. ఎవరింటి ముందుగది ఎలా ఉంటుందో చెప్పలేను కానీ, ఎవరి కుడితి తొట్టి మీద ఏం మూత ఉందో, ఎవరి కోళ్లగూటికి తలుపు దేనితో చేశారో అడగండి, చెబుతాను. నాకు పాత అంగళ్ల బోర్డుల పిచ్చి పట్టింది అక్కడే. మూతబడిన చిల్లర అంగళ్ల సామానంతా చివరికి చేరేది పెరట్లోకే కదా.

మొదట దొరికింది ఒక అగ్గిపెట్టెల బోర్డు. ఒక రైతు ఇంట్లో గేదె ఈనలేక అవస్థ పడుతుంటే వెళ్లాను. దూడ బయటపడ్డాక చేతులు కడుక్కుందామని తొట్టి మూత ఎత్తితే, దాని అడుగువైపు ఎర్రగా తళుక్కుమంది. తిప్పి చూశాను. మధ్యలో దీపం బొమ్మ, కింద గుండ్రటి పాతకాలపు అక్షరాలు. ఇనపరేకు మీద గాజుపూత పూసి, కొలిమిలో కాల్చి తీసిన ఎనామిల్ బోర్డు. ఎన్నేళ్లు ఆ నీళ్ల మీద బోర్లా పడి ఉందో గానీ, రంగు మాత్రం నిన్న వేసినట్టుంది. నా చిన్నప్పుడు మా వీధి చివరి అంగట్లో అచ్చం అలాంటిదే ఉండేది. మా నాన్న వక్కాకు కట్టించుకునేదాకా నేను దాని ముందు నిలబడి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివేదాన్ని. ఆ రైతుకు కొత్త అల్యూమినియం మూత కొనిచ్చి, ఆ బోర్డును స్కూటర్ ముందు పెట్టుకుని కావలికి తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చిన ఉత్సాహంలో ఇటుకపొడి వేసి, కొబ్బరిపీచుతో పరపరా తోమేశాను. మురికితోపాటు మెరుపు కూడా పోయింది. దీపం మీద సన్నటి గీతలు పడ్డాయి. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

మావారు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు. మొదట్లో ఆయనకు ఈ వ్యవహారం ఒక్క ముక్క నచ్చలేదు.

"పాత ఇనపసామాను అందరి ఇళ్లలోంచి బయటికి పోతాది. మన ఇంట్లోకే లోపలికి వస్తా ఉండాది," అనేవారు.

కానీ ఆ గీతలు పడిన బోర్డును చూసి ఊరుకోలేకపోయారు. "ఇది గాజు. గాజును ఇటుకపొడితో తోముతారా ఎవరైనా?" అని కోప్పడి, రెండోది దొరికినప్పుడు నా చేతికి ఇవ్వలేదు. కుంకుడుకాయ రసం, మెత్తటి పాత చీరముక్క, అంచుల తుప్పుకు కాస్త కొబ్బరినూనె. అలా వెతకడం నా వంతు, తుడవడం ఆయన వంతు అయింది. ఐదారేళ్లలో మా వరండా గోడకు పది బోర్డుల దాకా చేరాయి. వాటి కింద బల్ల మీద పిప్పరమెంటు జాడీలు, మూతకు బొమ్మలున్న బిస్కెట్ డబ్బాలు, ఒక కొయ్య సోల, గోలీసోడాను కొట్టే కట్టెముక్క.

ఇంతలో మేకలకు పారుడు రోగం టీకాలు వేసే రోజులొచ్చాయి.

సరుగుడు తోపులకూ రొయ్యల గుంటలకూ మధ్యన ఉన్న ఒక ఊళ్లో, చర్చి వెనక వీధిలో ఒక అవ్వ ఉంది. ఆమెకు ఏడు మేకలు, ఒక పోతు. డెబ్బై దాటినా మేకను చెవులు పట్టుకుని కదలకుండా నిలబెట్టగలదు. ఆమె పట్టుకుంటే నేను సూది వేస్తున్నాను. నాలుగో మేక జారి కొట్టం మూలకు దూరింది. దాని వెనకే నేనూ వంగి దూరాను. ఆ మసక వెలుతురులో గోడ మీద నుంచి ఎవరో నన్ను చూస్తున్నట్టనిపించి తల తిప్పాను.

నీలిరంగు రేకు. నా ఎత్తుకు కాస్త తక్కువ. దాని మీద పెద్ద కొప్పు పెట్టుకున్న ఒక ఆడమనిషి, చేతిలో కెటిల్, పొగలు కక్కుతున్న కప్పు. బొమ్మ ఉన్న వైపు మేకలకు కనపడేలా లోపలికి తిప్పి మేకులు కొట్టేశారు.

"అవ్వా, ఈ బోర్డు యాడిది?"

"ఏ బోర్డు? ఆ రేకా? మా అంగడిది. దాని జోలి నీకెందుకు గానీ, సూదెయ్యి డాక్టరమ్మా."

నేను సెల్‌ఫోన్ లైటు వేసి చదివాను. అది టీపొడి బోర్డు. కంపెనీ పేరున్న మూల పెచ్చు ఊడిపోయింది కానీ, టీ ఎలా కాచుకోవాలో చెప్పే వరుసలు బాగానే ఉన్నాయి. 'ఉడుకు నీళ్లలో వేయుడు. మూత బెట్టుడు. పాలు చక్కెర చేర్చుడు.' ఇవన్నీ చిన్న అక్షరాలు. చివరి మాట మాత్రం అడ్డంగా రేకు ఈ చివర నుంచి ఆ చివరి దాకా, ఒక్కో అక్షరం నా అరచేతంత.

'త్రాగుడు.'

నాకు నవ్వాగలేదు. కొట్టంలో కూర్చుని, మేక మెడ పట్టుకుని, కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వాను.

అవ్వ మొహం ముడుచుకుంది. "నువ్వు గూడా నవ్వినావా? దానికే గదా మేకలకు చూపించి పెట్టినా. వాటికి చదువు రాదు."

సూదులన్నీ అయ్యాక అరుగు మీద కూర్చోబెట్టి, గ్లాసు మజ్జిగ ఇచ్చి, అప్పుడు చెప్పింది.

వాళ్లాయన అంగడి సరిగ్గా చర్చి గేటుకు ఎదురుగా ఉండేదట. ఒకరోజు టీపొడి కంపెనీ వాళ్లు జీపులో వచ్చి, ఆ బోర్డును అంగడి నెత్తిన కొట్టి వెళ్లిపోయారు. ఎప్పటి అచ్చు భాషో అది. వేయండి, పెట్టండి అనడానికి వేయుడు, బెట్టుడు అని రాసేవాళ్లు. ఆ వరుసలోనే తాగండి అనడానికి త్రాగుడు. ఆ రాసినాయన ఏ ఊళ్లో కూర్చుని రాశాడో గానీ, ఇక్కడ రోడ్డు మీద నుంచి చూసేవాళ్లకు చిన్న అక్షరాలు కనపడేవి కావు. పెద్ద మాటొక్కటే కనపడేది. ప్రార్థనకు వచ్చిన వాళ్లు గేట్లోంచి బయటికి అడుగు పెట్టగానే ఎదురుగా అదే.

"అప్పటి అయ్యగారు మా అంగడికి నడిచొచ్చినాడు," అంది అవ్వ. చర్చి పాస్టరును ఆ ఊళ్లో అయ్యగారంటారు. "ఏందయ్యా, దేవుని ఇంటి ముందర ఈ మాట రాసి పెట్టినావే అన్నాడు. మా ఆయన టీ పెట్టి చేతికిచ్చినాడు. తాగినాక చెప్పండయ్యా, ఇందులో తప్పేముండాదో అన్నాడు. ఆయన రెండు గ్లాసులు తాగినాడు. ఇంగ ఆ మాట ఎత్తలా."

కానీ ఊరు ఊరుకోలేదు. ఆ అంగడికి తాగుడంగడి అని పేరు పడిపోయింది. జీవితంలో కల్లు వాసన కూడా చూడని మనిషి తాగుడంగడాయన అయ్యాడు. ఈమె తాగుడంగడామె అయింది. పెద్దకూతురికి సంబంధం వచ్చినప్పుడు, పెళ్లికొడుకు వాళ్లు దారి అడిగితే ఎవరో "తాగుడంగడోళ్ల ఇల్లా? చర్చి ఎదురుగానే" అన్నారట. వాళ్లు చర్చి దాకా వచ్చి, అంగడి వైపు చూసి, అట్నుంచటే బస్సెక్కబోయారు. ఈమె పరుగెత్తుకుంటూ బస్టాండుకు వెళ్లి, అది టీపొడి బోర్డని చెప్పి వెనక్కి తీసుకొచ్చింది.

"ఆ రేకు పీకెయ్యమని ఎన్నిసార్లు చెప్పినానో. వినలా. నవ్వుకుంటా వచ్చినోడు ఉత్తచేతుల్తో పోడమ్మే అనేవాడు. ఆయన పోయి, అంగడి మూసినాక, నేను మొట్టమొదట చేసిన పని అది పీకించడం."

"అయితే నాకిచ్చెయ్యవ్వా. దీని బదులు కొత్త రేకు వేయిస్తా."

"కొత్త రేకు ఈ ఉప్పుగాలికి రెండు వానలాగదు. ఇది వేసి పదిహేనేళ్లయింది, చూడు. నేను దీన్ని దాచిపెట్టింది సిగ్గుకు. వాడతా ఉండేది గట్టిదని."

ఆమె మాటలో తప్పు లేదు. ఆ గాలికి ఇనుము అప్పడంలా రాలిపోతుంది. నిలబడేది గాజుపూత ఒక్కటే. సరే, ఉప్పుగాలికి ఆగే రేకు తెస్తే ఇస్తావా అని అడిగాను. కొట్టానికి దక్షిణం వైపు గోడ లేక ఖాళీగా ఉంది, ముందు అక్కడ పెట్టి చూడు, నిలిస్తే మాట్లాడదాం అంది.

మొదట సిమెంటు రేకు పెట్టించాను. వారం తిరక్కుండానే మేకపోతు తలతో కుమ్మి రెండు ముక్కలు చేసింది. తర్వాత ప్లైవుడ్ చెక్క. తొలకరి జల్లుకే ఉబ్బిపోయి పొరలు పొరలుగా విచ్చుకుంది. అప్పటికి ఈ సంగతి మావారికి కూడా పట్టుదల అయిపోయింది. వాళ్ల కాలేజీ అడ్మిషన్ల పాత ఫ్లెక్సీ ఒకటి మందంగా ఉంది, నీళ్లకు చెక్కుచెదరదు అని, నాలుగు మడతలు వేసి కట్టి వచ్చారు. మూడో రోజు అవ్వ ఫోన్ చేసింది.

"డాక్టరమ్మా, మీ ఆయన కాలేజీ అంతా నా మేకల కడుపులో ఉండాది. ప్రిన్సిపాల్ మొహం ఒకటే మిగిలింది."

ఒక్క పరుగున వెళ్లాను. అదృష్టం కొద్దీ మేకలు నమిలి ఉమ్మేసినదే ఎక్కువ. రెండు రోజులు పచ్చిమేత తగ్గించి, మందు పోసి, కనిపెట్టుకుని ఉన్నాను. ఏమీ కాలేదు. పశువుల డాక్టరు మొగుడే మేకలకు ప్లాస్టిక్ తినిపించాడని ఊరంతా చెప్పుకున్నారు. ఆయన కొన్నాళ్లు ఆ దారిన వెళ్లలేదు.

చివరికి ఉపాయం చెప్పింది అవ్వే.

"మీ ఇంట్లో ఇట్లాంటి రేకులు చిన్నచిన్నవి ఉండాయన్నావు గదా. అయ్యి ఉప్పుగాలికి ఆగుతాయి గదా. అయ్యి తే."

వాటిని ఒక్కొక్కటే ఎంత కష్టపడి సంపాదించానో ఆమెకేం తెలుసు! ఇంటికొచ్చి చెబితే మావారు పడీపడీ నవ్వారు. "న్యాయంగానే అడిగిందిలే. నీకు ఆ బోర్డు ఎంత ముద్దో ఇప్పుడు తేలిపోతాది," అన్నారు. రెండు రోజులు వరండాలో అటూ ఇటూ తిరిగాను. మూడో రోజు ఆరు బోర్డులు దుప్పట్లో చుట్టి కారులో వేసుకుని వెళ్లాం.

అవ్వ వాటిని నులకమంచం మీద పరిపించి, చీర కొనేదానిలా ఒక్కోటి తిప్పి చూసింది. నొప్పుల మందు బోర్డు తీసి అవతల పెట్టేసింది. దాని మీద గాండ్రిస్తున్న పులి బొమ్మ ఉంది.

"పులి బొమ్మ పెడితే నా మేకలు పాలిస్తాయా?"

సబ్బు బోర్డు నచ్చింది. సైకిల్ టైర్ల బోర్డు నచ్చింది. మూడోది ఏది తీస్తుందా అని చూస్తుంటే, ఆమె చేయి వెళ్లి దీపం బొమ్మ మీద ఆగింది. నేను గబుక్కున అడ్డం పడ్డాను.

"అది గీతలు పడుండాది గదవ్వా. వేరేది తీసుకో."

"గీతలు మేకలకు కనపడతాయా? దీపం మంచిది. చీకటి కొట్టానికి వెలుగున్నట్టు ఉంటాది."

అది నాకు దొరికిన బోర్డుల్లో మొదటిది, నా చేతులతో నేనే పాడు చేసుకున్నది. ఆ మాట ఆమెకు చెప్పాను. ఆమె నా మొహం చూసి, "నా మేకల దగ్గర భద్రంగా ఉంటాదిలే, వచ్చినప్పుడల్లా చూసుకో," అంది. ఇవ్వక తప్పలేదు. మావారే నిచ్చెన ఎక్కి నీలిరేకు విప్పి, ఆ చోట మూడు బోర్డులూ బిగించారు. బొమ్మలు లోపలికి తిప్పబోతుంటే అవ్వ అరిచింది.

"బయటికే పెట్టు నాయనా. వీటిల్లో తప్పుడు మాటలేం లేవు గదా?"

తర్వాత రెండు నెలలకనుకుంటాను, నెల్లూరులో పాత సామాను అమ్మే ఒకాయన ఫోన్ చేశాడు. అప్పుడప్పుడూ ఆయన దగ్గర జాడీలు కొంటుంటాను. "మేడమ్, సముద్రం పక్క ఒక మేకల కొట్టానికి మూడు బోర్డులుండాయి. చాలా అరుదైన సరుకు. ముసలామె ఎంతిస్తానన్నా ఇవ్వనంటా ఉండాది, ఇయ్యి మేకలవి అంటాది. మీరేమైనా మాట్లాడగలరా?" అని ఫోటో పంపాడు. నా దీపం, నా సబ్బు, నా సైకిల్ టైరు. ఆ పక్కన పోతు తల ఎత్తి చూస్తోంది. "అవి మేకలవే లెండి," అన్నాను.

ఇక నీలిబోర్డు సంగతి. మావారు మూడు ఆదివారాలు దాని మీద కూర్చున్నారు. పదిహేనేళ్ల మేకల మురికి పోయాక, ఆ కొప్పుపెట్టుకున్నావిడ బుగ్గ మీద చిన్న సొట్ట బయటపడింది. అది కూడా అందంగానే ఉంది. ముందుగదిలో, గుమ్మానికి ఎదురుగా తగిలించాం. అదే మేము చేసిన పొరపాటు. వచ్చినవాళ్లు చెప్పులు విడిచి తలెత్తగానే ముందు 'త్రాగుడు' చదివేవాళ్లు. ఆ వెంటనే మావారి మొహం వంక చూసేవాళ్లు. ఆయన కాఫీ కూడా రోజుకు ఒకసారే తాగే మనిషి. వాళ్ల స్టాఫ్‌రూమ్‌లో ఎవరో "సార్, మీ ఇంట్లో తాగుడు తప్పనిసరంట గదా" అన్నారట. ఆయన ఇంటికొచ్చి ఆ మాట నాకు చెబుతూ నవ్వలేక నవ్వలేక నవ్వారు.

ఆ ఏడాది కోతలయ్యాక, చర్చిలో పంట పండుగకు ముందు, అవ్వ నుంచి ఫోన్.

"డాక్టరమ్మా, ఆ రేకు ఒక్కరోజుకు ఇస్తావా?"

"ఏ రేకవ్వా?"

"తెలిసీ అడగతావే. త్రాగుడు."

పండుగనాడు ఆడవాళ్లంతా కలిసి చర్చి ఆవరణలో టీ, పలహారాలు పెడతారట. టీ పెట్టే పని ఈసారి తనకిచ్చారట. మేము బోర్డు తీసుకుని ఉదయాన్నే వెళ్లాం. షామియానా కింద పెద్ద గిన్నెలో నీళ్లు అప్పటికే మరుగుతున్నాయి. అవ్వ మెడలో కొత్త తువ్వాలు వేసుకుని, గరిటె పట్టుకుని నిలబడి ఉంది. బోర్డును మావారు షామియానా గుంజలకు కట్టారు. ఆమె వెనక్కి నాలుగడుగులు వేసి, చెయ్యి నుదుట పెట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"ఇంత నీలంగా ఉన్నిందా?" అంది.

ఇన్నేళ్లు దాచిపెట్టింది ఇప్పుడు నువ్వే ఎందుకు తగిలిస్తున్నావని అడిగాను. గిన్నెలో టీపొడి వేస్తూ చెప్పింది.

"కొట్టానికి నీ బొమ్మలు పెట్టినాక, దారిన పొయ్యేవాళ్లు ఆగి అడగబట్టినారు, మీ అంగడి మీదుండే పాత బోర్డు ఏమయిందవ్వా అని. పడవల మీద పొయ్యేవాళ్లు, తోపుల్లో కూలికి పొయ్యేవాళ్లు, అందురూ. మా ఆయన పేరు చెప్తే ఎవురికీ తెలీదు. ఈ మాట చెప్తే మాత్రం మొహం ఇంత అవతాది. మీ ఆయన ఇట్లా అన్నాడు, అట్లా నవ్వించినాడు అని చెప్తారు. నేనే దాన్ని మేకల కొట్టంలో పెట్టి ఆయన్ని దాచేసినానా అనిపించింది."

గరిటెతో గిన్నె గట్టిగా తిప్పింది. కళ్లు తుడుచుకుంటూ పొగ అంది. పొగ ఉన్న మాట కూడా నిజమే.

ఇప్పుడున్న అయ్యగారు కుర్రాయన, ఆ ఊరికి కొత్త. ఆరాధనకు ముందు షామియానా వైపు వచ్చి, తల పైకెత్తి చదివి, ఆగిపోయారు. చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా అటు తిరిగారు.

"అవ్వా, ఈ మాట..." అన్నారాయన మెల్లగా.

"చదివినారు గదయ్యా. ఇంగ తాగండి," అని ఆమె గ్లాసు ఆయన చేతిలో పెట్టింది.

ఆయన చిన్న అక్షరాలు కూడా చదివారు. వేయుడు, బెట్టుడు, చేర్చుడు. పెదవి కొరుక్కుంటూ గ్లాసు ఖాళీ చేసి లోపలికి వెళ్లారు. ఆరాధన అయ్యాక మైకులో ప్రకటనలు చదువుతూ, "తరువాత అందరూ ఆవరణలో త్రాగుడుకు రావలెను," అనేశారు. అన్నాక గానీ ఆయనకు తెలియలేదు. లోపల పాటలు పాడే పిల్లలతో సహా అందరూ గొల్లుమన్నారు. ఆయన కూడా మైకు చేత్తో మూసి నవ్వారు. ఆ నవ్వు ఆవరణలోకి వచ్చేసరికి అవ్వ గ్లాసులు వరుసగా పేర్చి సిద్ధంగా ఉంది. ముసలివాళ్లు ఒక్కొక్కరే బోర్డు కిందికి వచ్చి నిలబడి, టీ తాగుతూ, ఆ అంగట్లో తాము కొన్నవి, ఆ మనిషి అన్నవి చెప్పుకున్నారు. ఒక పెద్దాయన బెల్లం మిఠాయి అడిగాడు, అప్పట్లో లోపలి జాడీలో ఉండేదట. అవ్వ నవ్వి, "జాడీ పగిలి ముప్పై ఏళ్లయిందిలే మామా, టీ తాగు," అంది.

సాయంత్రం బోర్డు విప్పుతుంటే ఆమె వచ్చి, అంచుకు పడిన టీ చుక్కల్ని తువ్వాలుతో తుడిచింది. ఇక్కడే ఉంచేయమంటుందేమో, అంటే ఏం చెప్పాలా అనుకుంటున్నాను. నిజం చెప్పాలంటే, అడిగితే ఇచ్చేసేదాన్నే.

"మీ ఇంట్లోనే ఉండనీ," అంది. "ఈడుంటే వానకు, ఎండకు నేను కాపలా కాయలేను. పండుగకు పండుగకు తెచ్చివ్వు, చాలు."

అలా మూడు పండుగలకు తీసుకెళ్లాం. ఈ ఏడాది షామియానా గాలికి ఒరిగితే మావారే గుంజ పట్టుకుని గంటసేపు నిలబడ్డారు. అవ్వ ఆయనకు నాలుగు గ్లాసుల టీ తాగించింది.